ఫౌండ్రీలో ఉద్యోగం వచ్చింది, చేరాలా అన్నా?

ఈ రోజు ఎపిసోడ్‌లో గెస్ట్ లేరు, నేనే మాట్లాడతా. ఎందుకంటే ఈసారి విషయం మా ఇంట్లో జరిగింది. నేను ఒక తప్పు సలహా ఇచ్చినా. దాన్ని సరిచేసుకునే ప్రయత్నమే ఈ వీడియో.

పోయిన ఎండాకాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసినాడు. మెకానికల్‌లో డిప్లొమా అయిపోయి ఇంట్లో ఉన్నాడు. "అన్నా, ఒక ఫౌండ్రీలో ట్రైనీగా రమ్మన్నారు. చేరాలా, లేదంటే అమీర్‌పేటకి పోయి ఏదైనా కోర్సు నేర్చుకోవాలా?" అని అడిగినాడు.

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఫౌండ్రీనా? వద్దురా అబ్బా. వేడి, దుమ్ము, షిఫ్టులు. పైథాన్ నేర్చుకో, మిగతాది నేను చూసుకుంటా" అనేసినా.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగినాడు: "నువ్వు ఎప్పుడైనా ఫౌండ్రీ లోపలికి పోయినావా అన్నా?"

పోయినా. ఒకే ఒక్క రోజు. ఆ రోజు నేర్చుకున్నది గుర్తుండి ఉంటే వాడికి ఆ జవాబు చెప్పి ఉండేవాణ్ణి కాదు. ఆ రోజు సంగతి తర్వాత చెప్తా. ముందు అసలు ఫౌండ్రీ అంటే ఏంటో చూద్దాం. మన దగ్గర బీటెక్ మెకానికల్ చదివినోళ్ళలో కూడా చాలామందికి ఇది తెలీదు. నాకూ తెలీదు.

లోహాన్ని కరిగించి, అచ్చులో పోసి, చల్లారినాక కావాల్సిన ఆకారం బయటికి తీయడం. అంతే. తెలుగులో పోత పోయడం అంటాం. మీ ఇంట్లో దోసెల పెనం బరువుగా, నల్లగా ఉంటుంది చూడండి, అది పోత ఇనుము. మీ బైక్ ఇంజిన్ కేసింగ్ పోత పోసిన అల్యూమినియం. బోరు మోటర్ లోపల తిరిగే ఇంపెల్లర్, రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత, గుడిలో గంట, అన్నీ పోతే. పోత పోసిన వస్తువుల తయారీలో చైనా తర్వాత ప్రపంచంలో రెండో స్థానం మన దేశానిదే.

మన పక్కనే చూడండి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోతా ఉంటే రాచగున్నేరి దగ్గర పెద్ద పైపుల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. బస్సులో పెద్దోళ్ళు ఇప్పటికీ "లాంకో" అనే అంటారు. మొదట్లో లాంకో ఇండస్ట్రీస్, తర్వాత శ్రీకాళహస్తి పైప్స్ అయింది, ఇప్పుడు ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో భాగం. అక్కడ డక్టైల్ ఐరన్ పైపులు పోస్తారు. ఊర్లకి తాగునీళ్ళు తెచ్చే పెద్ద పైపులు అవే.

ఎట్లా చేస్తారో తెలిస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. గిర్రున తిరిగే ఉక్కు అచ్చులోకి కరిగిన ఇనుము పోస్తారు. ఆ వేగానికి ఇనుము అచ్చు గోడకి పరుచుకుని, అట్లే గడ్డకట్టి పైపు అవుతుంది. బయట నుంచి నీళ్ళతో అచ్చును చల్లబరుస్తా ఉంటారు. చివర్లో రెండు పైపులు కలిసే సాకెట్ దగ్గర మాత్రం ఇసుకతో చేసిన కోర్ పెడతారు. తర్వాత మళ్ళీ కొలిమిలో వేడి చేసి మెత్తదనం తెప్పిస్తారు. పైన జింక్, లోపల సిమెంట్ పూత. ఆ దారిలో నేను కొన్ని వందల సార్లు తిరిగినా. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు చదువు సంగతి. నా బీటెక్ మెకానికలే. మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో కార్పెంటరీ, ఫిట్టింగ్‌తో పాటు ఫౌండ్రీ కూడా ఉండేది. రెండు పెట్టెలు ఇస్తారు. కింది పెట్టె డ్రాగ్, పైది కోప్. మధ్యలో చెక్క ప్యాటర్న్ పెట్టి, ఇసుక నింపి, దిమ్మిసతో కొట్టి, మెల్లగా ప్యాటర్న్ తీసేయాలి. అచ్చు రెడీ. సార్ వచ్చి చూస్తారు, మార్కులు వేస్తారు, కాలితో తన్ని ఇసుక మళ్ళీ కుప్పలో కలిపేస్తాం. (నవ్వు) లోహం ఎక్కడ? లేదు. నాలుగేళ్ళ మెకానికల్ ఇంజనీరింగ్‌లో నేను ఒక చుక్క కరిగిన లోహం చూడలేదు.

అదే సమయంలో, అదే తిరుపతిలో, నా వయసు పిల్లలు కొందరు నిజంగా లోహం పోయడం నేర్చుకుంటున్నారు. ఎక్కడో తెలుసా? టీటీడీ నడిపే ఎస్వీ సంప్రదాయ ఆలయ శిల్పశిక్షణ సంస్థలో. 1960 నుంచి ఉంది. రాతి శిల్పం, చెక్క శిల్పం, కలంకారీతో పాటు లోహ శిల్పం కూడా నేర్పుతారు. లోహ విగ్రహాల పద్ధతి ఇట్లా ఉంటుంది: ముందు మైనంతో విగ్రహం చేస్తారు. దాని మీద మట్టి పూత వేసి ఆరబెడతారు. కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పంచలోహం పోస్తారు. చల్లారినాక మట్టి పగలగొడితే విగ్రహం. ఇప్పుడు విమానం ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడ్లు చేసే ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌కి మూలం ఇదే పద్ధతి.

మా కాలేజీ నుంచి అక్కడికి బస్సులో అరగంట కూడా పట్టదు. ఎవరూ తీసుకుపోలేదు, మేమూ పోలేదు. ఈ రంగంలో చదువుకి ఉన్న పెద్ద జబ్బు అదే. పుస్తకం తెలిసినోళ్ళు ఒక పక్క, చేయి తెలిసినోళ్ళు ఇంకో పక్క. మధ్యలో మాటలు లేవు.

ఇప్పుడు ఆ ఒక్క రోజు కథ చెప్తా.

సాఫ్ట్‌వేర్‌లో చేరినాక మూడో ఏడాది ఒక ప్రాజెక్ట్ వచ్చింది. తమిళనాడు వైపు ఒక ఫౌండ్రీ. పేరు వద్దు. వాళ్ళ సమస్య రిజెక్షన్. పోసిన వాటిలో కొన్ని పనికిరాకుండా పోతాయి. లోపల గాలి బుడగలు ఉంటాయి, దాన్ని బ్లో హోల్ అంటారు. లేదంటే ఇసుక రేణువులు ఇరుక్కుంటాయి. లేదంటే చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని లోపల గుంట పడుతుంది, అది ష్రింకేజ్. పనికిరానిది మళ్ళీ కరిగించాల్సిందే. కరెంటు, టైము, కూలి అన్నీ రెండింతలు.

రెండేళ్ళ డేటా ఇచ్చినారు. ఉష్ణోగ్రత, కెమిస్ట్రీ, షిఫ్టు, మెషిన్ నంబర్, అన్నీ ఉన్నాయి. మేము మంచి డ్యాష్‌బోర్డ్ కట్టినాం. రంగురంగుల గ్రాఫులు. ఒక విషయం బాగా తేలింది: సోమవారం పొద్దున షిఫ్టులో ఇసుక వల్ల వచ్చే లోపాలు ఎక్కువ. ఎందుకు? మా మోడల్‌కి తెలీదు. మనిషి మారలేదు, మెషిన్ మారలేదు, లోహం మారలేదు. మేము రెండు వారాలు తలలు బద్దలు కొట్టుకున్నాం.

చివరికి ఫ్యాక్టరీకే పోయినాం. అక్కడ మోల్డింగ్ దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. రిటైర్మెంట్‌కి దగ్గర పడినాడు. ఆ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈయనా అట్లాంటి ఇంటివాడే. నేను తెలుగులో మాట్లాడేసరికి మొహం వెలిగిపోయింది. టీ తాగుతా మాటల మధ్యలో ఈ సోమవారం సంగతి చెప్పినా.

ఆయన నవ్వినాడు. "ఆదివారం సెలవు గదా నాయనా. ఇసుక అట్లే పడి ఉంటుంది, ఆరిపోతుంది. సోమవారం పొద్దున్నే మిక్సర్‌లో రోజూ పోసే నీళ్ళే పోస్తారు. అది చాలదు. మొదటి నాలుగైదు బ్యాచులు పొడిగానే వస్తాయి. అచ్చు గోడ రాలుతుంది" అన్నాడు.

అని, బెల్టు మీద నుంచి గుప్పెడు ఇసుక తీసి పిడికిలి బిగించి, తెరిచి చూపించినాడు. "వేళ్ళ గుర్తులు తేటగా పడాలి. మధ్యకి విరిస్తే రెండు ముక్కలుగా విరగాలి. రాలిపోయిందా, నీళ్ళు తక్కువ. అరచేతికి అంటుకుందా, ఎక్కువ." అంతే. ఐదు సెకన్లు.

దాన్ని గ్రీన్ సాండ్ అంటారు. ఆకుపచ్చగా ఉండదు, నల్లగా ఉంటుంది, బొగ్గుపొడి కలుపుతారు కాబట్టి. గ్రీన్ అంటే పచ్చి, తడి ఉన్నది అని. ఇసుక, బెంటొనైట్ మట్టి, నూటికి మూడు నాలుగు పాళ్ళు నీళ్ళు. ఆ నీళ్ళు కాస్త అటూ ఇటూ అయితే మొత్తం తారుమారు.

నేను ఆయన్ని అడిగినా: "మరి ఈ మాట ఎవరికీ చెప్పలేదా?" ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నన్ను అడిగిందెవరు?"

మా డేటాలో ఇసుక ఎంతసేపు పడి ఉందో చెప్పే కాలమ్ లేదు. ఆయన ముప్పై ఏళ్ళ అనుభవానికి కూడా కాలమ్ లేదు. క్వాలిటీ ఇంజనీర్ క్యాబిన్‌కి, ఆయన నిలబడే చోటుకి మధ్య యాభై అడుగులు కూడా ఉండదు.

అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్నది ఒకటే. పోత పనిలో జ్ఞానం పుస్తకంలో సగమే ఉంది. మిగతా సగం మనుషుల దగ్గర ఉంది. ఈ రంగంలో నెట్‌వర్కింగ్ అంటే లింక్డిన్‌లో ఐదు వందల కనెక్షన్లు పెంచుకోవడం కాదు. "నన్ను అడిగిందెవరు" అనే మనిషిని పోయి అడగడం.

ఇది చిన్న ఫౌండ్రీల సంగతే అనుకోవద్దు. రాచగున్నేరిలో పోసే ఆ డక్టైల్ ఐరన్ ఉంది కదా, దాని వెనక కథ వినండి.

మామూలు పోత ఇనుములో కార్బన్ గ్రాఫైట్ రేకుల్లాగా ఉంటుంది. ఆ రేకుల అంచుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయి. అందుకే మన దోసెల పెనం కిందపడితే పగులుతుంది. ఆ గ్రాఫైట్ రేకులుగా కాకుండా గుండ్రటి బంతుల్లా వస్తే ఇనుము వంగుతుంది గానీ పగలదు. దీని మీద అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో కీత్ మిల్లిస్ అనే ఆయన 1943లో మెగ్నీషియం కలిపి సాధించినాడు. ఇంగ్లండ్‌లో హెంటన్ మోరో అనే ఆయన, ఆయన సహచరులు సీరియం అనే ఇంకో లోహంతో అదే సాధించినారు. వీళ్ళ పని వాళ్ళకి తెలీదు, వాళ్ళ పని వీళ్ళకి తెలీదు.

1948లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఫౌండ్రీమెన్ సభ జరిగింది. మోరో పక్షం వాళ్ళ సీరియం పేపర్ అక్కడ చర్చకి వచ్చింది. అప్పుడు నికెల్ కంపెనీ మనిషి లేచి, మేము ఇదే పని మెగ్నీషియంతో చేస్తున్నాం అని చెప్పినాడు. ఒక హాల్లో, ఒక చర్చలో రెండు దేశాల పని ఎదురుపడింది. 1949లో మెగ్నీషియం పద్ధతికి పేటెంట్ వచ్చింది. ఈ రోజు మన ఊరి నీళ్ళ పైపులో ఉన్నది ఆ ఇనుమే. అందుకే సభలు, సంఘాలు అంటే కోటు వేసుకుని భోజనం చేసి వచ్చేవి అని తీసిపారేయొద్దు.

సరే, ఇప్పుడు మీలో ఎవరికైనా మా తమ్ముడి లాగే ఈ ప్రశ్న ఉంటే, దారులేంటో ఒక్కొక్కటిగా చెప్తా. కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పదో తరగతి అయినోళ్ళకి ఐటీఐలో ఫౌండ్రీమన్ అనే ట్రేడ్ ఉంది. ఏడాది కోర్సు. చాలామంది ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వైపే పోతారు కాబట్టి దీని పేరే విని ఉండరు.

డిప్లొమా అయినోళ్ళకి, బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ చేసినోళ్ళకి రాంచీలో ఒక సంస్థ ఉంది. 1966లో యునెస్కో సహకారంతో మొదలైంది. నిఫ్ట్ అనేవాళ్ళు. బట్టల డిజైన్ నిఫ్ట్ కాదు, ఇది ఫౌండ్రీ, ఫోర్జ్ టెక్నాలజీ నిఫ్ట్. ఇప్పుడు పేరు నియామ్ట్ అని మారింది. అక్కడ ఫౌండ్రీ టెక్నాలజీలో 18 నెలల అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. బీటెక్‌కి జేఈఈ మెయిన్ ద్వారా, ఎంటెక్‌కి గేట్ ద్వారా పోవచ్చు.

లోహాల శాస్త్రమే చదవాలంటే దూరం పోనక్కర్లేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ బ్రాంచ్ ఉంది. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఉంది. సీటు వచ్చినప్పుడు "మెటలర్జీనా, కంప్యూటర్స్ రాలేదా" అని చుట్టాలు జాలి చూపిస్తారు. చూపించనీయండి.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నేర్చుకోవాలంటే, ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ బి. రవి గారి బృందం తయారుచేసిన ఈ-ఫౌండ్రీ అని ఉంది. ఉచితం. కాస్టింగ్ డిజైన్, సిమ్యులేషన్ మీద పాఠాలు ఉంటాయి. లోహం ఎక్కడ ముందు గడ్డకడుతుంది, ఎక్కడ చివర్లో గడ్డకడుతుంది అని కంప్యూటర్‌లోనే చూడొచ్చు. చివర్లో గడ్డకట్టే చోటే గుంట పడుతుంది. అందుకే దాని పక్కన రైజర్ అని అదనపు లోహం ఉంచుతారు. ఇదంతా సాఫ్ట్‌వేరే. కోడింగ్ ఇష్టం ఉండి, ఫౌండ్రీ కూడా తెలిసినోళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్తున్నా: డిజైన్, సిమ్యులేషన్, క్వాలిటీ ల్యాబ్, ఇవన్నీ ఫౌండ్రీ ఉద్యోగాలే. ఇది మగవాళ్ళ పని అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

చదువు అయినాక అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిస్ చట్టం కింద జరుగుతుంది. డిప్లొమా, డిగ్రీ వాళ్ళకి నాట్స్ పోర్టల్, మన దక్షిణ ప్రాంతం ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది. 2019లో మార్చిన రూల్స్‌లో కనీస స్టైపెండ్ ఐటీఐ వాళ్ళకి నెలకి 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు అని పెట్టినారు. మీరు చేరే రోజుకి ఎంత ఉందో పోర్టల్‌లో చూసుకునే సంతకం పెట్టండి.

ఇక సంఘం. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఫౌండ్రీమెన్. 1950లో పుట్టింది, హెడ్ ఆఫీస్ కోల్‌కతా. మనకి దగ్గర్లో చెన్నై, హైదరాబాద్, కోయంబత్తూరు చాప్టర్లు ఉన్నాయి. విద్యార్థులకి కూడా సభ్యత్వం ఉంటుంది. ఏటా ఇండియన్ ఫౌండ్రీ కాంగ్రెస్ జరుగుతుంది, దాంతో పాటు పెద్ద ఎగ్జిబిషన్. తిరుపతి నుంచి చెన్నైకి పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. సినిమా రిలీజ్‌కి పోతాం కదా, చాప్టర్ మీటింగ్‌కి ఒక్కసారి పోలేమా?

కోయంబత్తూరు ఎందుకు అంత పెద్ద ఫౌండ్రీ ఊరు అయిందో ఆలోచించండి. అక్కడ పీఎస్‌జీ వాళ్ళ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ 1926లో మొదలైంది. కాలేజీ 1951లో దాని పక్కనే వచ్చింది. కార్ఖానా, క్లాస్‌రూమ్ ఒకే ఆవరణలో. పిల్లలు చదివేచోటే మోటర్లు, పంపులు తయారయ్యేవి. మన దగ్గర ఏర్పేడులో ఐఐటీ, దాని పక్కన శ్రీకాళహస్తి దారిలో పైపుల ఫ్యాక్టరీ, తిరుపతిలో ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్, శిల్ప సంస్థ. అన్నీ ఒకే బస్సు రూట్‌లో ఉన్నాయి. కలపాల్సింది మనుషుల్నే.

"అన్నా, నాకు ఎవరూ తెలీదు, ఎట్లా మాట్లాడాలి?" అంటారా? నాకు వచ్చే మెసేజుల్లో నూటికి తొంభై "సార్ జాబ్ ఉందా" అనే ఉంటాయి. దానికి ఎవరు జవాబిస్తారు? ఇట్లా రాసి చూడండి: "సార్, నేను ఫలానా పాలిటెక్నిక్‌లో మూడో ఏడాది. బ్లో హోల్‌కి, ష్రింకేజ్‌కి కంటితో తేడా ఎట్లా కనుక్కోవాలో పుస్తకంలో అర్థం కాలేదు. ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా?" పని తెలిసిన మనిషికి పని గురించి అడిగితే వచ్చే సంతోషం వేరే. ఒకరు జవాబివ్వకపోతే ఇంకొకరు. మాట్లాడినాక ఏం నేర్చుకున్నారో రెండు లైన్లు తిరిగి రాయండి. ఆ రెండు లైన్లే మిమ్మల్ని గుర్తుపెట్టిస్తాయి.

ఇంకో మాట. ఇంజనీర్‌గా చేరితే మోల్డర్ అన్నను పేరు పెట్టి ఏకవచనంలో పిలవొద్దు. "అన్నా" అనండి. ఆయన దగ్గర మీకు ఇంకా రాని డిగ్రీ ఉంది.

ఇక చేదు మాటలు. దాచిపెట్టి చెప్తే నేను కూడా కోచింగ్ సెంటర్ యాడ్ అయిపోతా.

ఫౌండ్రీ పని కష్టం. డక్టైల్ ఐరన్ 1,400 డిగ్రీల దగ్గర్లో పోస్తారు. మన తిరుపతి ఎండకే అల్లాడిపోతాం కదా. సన్నటి సిలికా దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అది తిరిగి మామూలు కాదు. కరిగిన లోహం కింద నీళ్ళు చిక్కుకుంటే ఆవిరై ఒక్కసారిగా పదహారు వందల రెట్లు పెరుగుతాయి. అది పేలుడే. తడి స్క్రాప్ కొలిమిలో వేయకూడదు అనేది అందుకే.

అందుకే చేరే ముందు సిగ్గుపడకుండా అడగండి. మాస్క్, బూట్లు, కళ్ళద్దాలు ఎవరిస్తారు? దుమ్ము లాగే డస్ట్ కలెక్టర్ ఉందా, పని చేస్తుందా? ఏటా ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తారా? కంపెనీ రోల్స్‌లోనా, కాంట్రాక్టర్ కిందా? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? ట్రైనింగ్‌లో ఇసుక, మెల్టింగ్, ప్యాటర్న్, ల్యాబ్ అన్ని విభాగాలు తిప్పుతారా, లేదంటే ఒకే మెషిన్ దగ్గర ఏడాది నిలబెడతారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒకే చోట నిలబెట్టేది ట్రైనింగ్ కాదు, తక్కువ జీతానికి కూలి. ఈ ప్రశ్నలకి మొహం చిట్లించే చోట చేరొద్దు. రోడ్డు మీదికి రండి, ఇంకో చోటు వెతుకుదాం.

మళ్ళీ మా తమ్ముడి దగ్గరికి వస్తా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దాయన పిడికిలి గుర్తొచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి, "రేయ్, నేను చెప్పింది మర్చిపో. చూడకుండా వద్దన్నా. ముందు పోయి చూసి రా" అన్నా. ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసిచ్చినా.

పోయి చూసినాడు. నాలుగు ప్రశ్నలకి మంచి జవాబు వచ్చింది. ఊపిరితిత్తుల పరీక్ష దగ్గర మాత్రం హెచ్ఆర్ ఆయన కాస్త తడబడి, కనుక్కుని చెప్తానన్నాడట. రెండు రోజులకి ఫోన్ చేసి, ఏటా చేయిస్తామని మెయిల్ కూడా పెట్టినారు. అప్పుడు చేరినాడు.

మా చిన్నమ్మ నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "నువ్వేమో ఏసీలో కూర్చుంటావు, నా బిడ్డని కొలిమి దగ్గరికి పంపిస్తావా? రేపు పిల్లని ఎవరిస్తారు?" అనింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. నేను ఆమెకి ఏ గ్యారంటీ ఇవ్వలేను. వాడి స్నేహితుల్లో సాఫ్ట్‌వేర్‌లో చేరినోళ్ళ మొదటి జీతం వీడి కంటే ఎక్కువ. అది నిజం. వాడు అక్కడే ఉంటాడా, రెండేళ్ళకి రాంచీ కోర్సుకి పోతాడా, అంతా వదిలేసి పైథాన్ వైపు వస్తాడా, అది వాడిష్టం. నేను ఈసారి నోరు మూసుకుని ఉంటా.

కానీ మొన్న మూడో నెలలో ఒక ఫోటో పంపించినాడు. సెల్ఫీ కాదు. వాడి అరచేయి, దాని మీద నల్లటి ఇసుక ముద్ద, వేళ్ళ గుర్తులు తేటగా పడి ఉన్నాయి. కింద ఒక లైన్: "అన్నా, నేను ఎవరినీ అడగకముందే ఇక్కడి మేస్త్రీనే పిలిచి నేర్పించినాడు."

అదీ సంగతి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పోత పని తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ వారం పోయి ఒక టీ తాగి రండి. ఒక ప్రశ్న అడగండి. ఆయన ఏం చెప్పినాడో కింద కామెంట్‌లో రాయండి, పేర్లు, ఫ్యాక్టరీల పేర్లు వద్దు, పని గురించి మాత్రమే. మంచివన్నీ ఏరి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. మెకానికల్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది పంపించండి.

ఉంటా మరి. మళ్ళీ కలుద్దాం. నమస్తే.